తెలుగు అచ్చు కథ ఇచ్ఛాపురం దగ్గర ఆగిపోలేదండీ

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో తెలుగు అచ్చు చరిత్ర మీద వచ్చిన పెద్ద వ్యాసం చదివాను. రెండుసార్లు చదివాను, మొదటిసారి మా ఊరి పేరు కంటికి ఆనలేదేమో అనుకుని. కంటి తప్పు కాదు, పేరే లేదు. మద్రాసు ఉంది, రాజమండ్రి ఉంది, బందరు, బెజవాడ, విశాఖపట్నం ఉన్నాయి, శ్రీకాకుళానికి ఒక వాక్యం దక్కింది, ఆ తరవాత ఇచ్ఛాపురం చెక్‌పోస్టు దగ్గర లారీని ఆపి వెనక్కి తిప్పినట్టు వ్యాసం కూడా తిరిగి వెళ్లిపోయింది. అవతల బరంపురం ఉంది, పర్లాకిమిడి ఉంది, గుణుపురం, రాయగడ, జయపురం ఉన్నాయి, ఈ ఊళ్లన్నిటిలో తెలుగు చదివేవాళ్లు, తెలుగులో శుభలేఖలు వేయించుకునేవాళ్లు తరతరాలుగా ఉన్నారు, వాళ్లకి ఆ కాగితాలు ఎవరు అచ్చు వేసి ఇచ్చారనుకున్నారు?

నాది పర్లాకిమిడి. ఇప్పుడు బోర్డుల మీద పారలాఖెముండి అని రాస్తారు, గజపతి జిల్లా. పక్కనే పాతపట్నం, అది మీ వైపు లెక్క. మా నాన్న ఇక్కడ ముప్ఫై ఏళ్లకు పైగా చిన్న ప్రెస్ నడిపాడు, ఒక ట్రెడిల్ మిషను, ఒక కటింగ్ మిషను, తెలుగు కేసులు (టైపు, అంటే సీసపు అక్షరాలు, గళ్లలో సర్దుకునే కొయ్య పెట్టెలు) ఒక గోడకి, ఒడియా కేసులు ఎదుటి గోడకి, మధ్యలో ఇంగ్లిష్. నేను పదేళ్ల వయసు నుంచి అక్కడే పెరిగాను కాబట్టి ఈ విషయంలో నాలుగు మాటలు మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను. ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి, కానీ మధ్యలో కత్తిరించండి, చివర్లో వద్దు. అసలు అడగాల్సింది చివర్లో ఉంది.

ముందు ఒక చిన్న సవరణ. వ్యాసం పైన వేసిన ఫొటో కింద గూటెన్‌బర్గ్ కాలం నాటి అచ్చుయంత్రం అని రాశారు. అది ట్రెడిల్ అండీ! కాలితో తొక్కితే పెద్ద చక్రం తిరుగుతుంది, రోలర్లు పైకి వెళ్లి గుండ్రటి పళ్లెం మీద సిరా తీసుకుని కిందికి దిగి టైపుకి రాస్తాయి, ఈలోగా ఎదుటి పలక మీద మనం కాగితం పెట్టాలి, పలక వచ్చి టైపుకి ఆని వెనక్కి వెళ్తుంది, ఆ వెళ్లే రెప్పపాటులో అచ్చయిన కాగితం ఎడమ చేత్తో తీసి కొత్తది కుడి చేత్తో పెట్టాలి. ఈ రకం మిషన్లు 19వ శతాబ్దం మధ్యలో అమెరికాలో వచ్చాయి. గూటెన్‌బర్గ్ 1450ల్లో మైంజ్‌లో బైబిలు అచ్చేసినది కొయ్య మరతో, ద్రాక్షపళ్లు పిండే మరలాంటిది, మర తిప్పి పైనుంచి నొక్కడమే. ఆయన గొప్పతనం ఆ నొక్కుడులో లేదు, ఒకే కొలతలో వందల అక్షరాలు పోతపోసే అచ్చుమూస కనిపెట్టడంలోనూ, లోహానికి అంటుకునే నూనె సిరా తయారు చేసుకోవడంలోనూ ఉంది. ట్రెడిల్‌ని గూటెన్‌బర్గ్‌కి కట్టబెట్టడం అంటే మా మనవడి బైకు చూపించి ఇది శ్రీకృష్ణదేవరాయల గుర్రం అన్నట్టే.

ఇక అసలు సంగతి. మీ వ్యాసకర్త తెలుగు అచ్చు అంటే ఇవాళ్టి రెండు రాష్ట్రాల మ్యాపు ముందు పెట్టుకుని, మద్రాసుని మాత్రం మొహమాటానికి కలుపుకున్నట్టున్నారు. కానీ మొదటి తెలుగు అక్షరం కాగితం మీద ఎక్కడ పడింది? జర్మనీలో, హాలె అనే ఊళ్లో. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకుని, 1743లో వెనక్కి వెళ్లిపోయి, 1746-47లో అక్కడ చిన్న చిన్న మతం పుస్తకాలు తెలుగు అక్షరాలతో అచ్చు వేయించాడు. ఆ తరవాత? కలకత్తా పక్కన శ్రీరాంపూర్. విలియం కేరీ అనే మిషనరీ రాసిన తెలుగు వ్యాకరణం అక్కడ 1814లో వచ్చింది, తెలుగు బైబిలు కొత్త నిబంధన 1818లో. ఆ తరవాత మద్రాసు, 1816లో క్యాంప్‌బెల్ వ్యాకరణం, ఇంకాస్త ఆగితే బ్రౌన్ దొర నిఘంటువు, 1854లో వావిళ్లవారి ప్రెస్. హాలె, శ్రీరాంపూర్, మద్రాసు. ఈ మూడింటిలో ఒక్క ఊరైనా ఇవాళ తెలుగు రాష్ట్రాల్లో ఉందా? లేదు. పుట్టిందీ పెరిగిందీ పరాయి ఊళ్లలోనే అయిన అచ్చుకి ఇచ్ఛాపురం దాటితే వీసా కావాలా?

శ్రీరాంపూర్ గురించి ఇంకొంచెం చెప్తాను, మీ వ్యాసంలో ఒక్క ముక్కలో దాటేశారు, నాకేమో ఆ కథంటే మహా ఇష్టం. అక్కడ అక్షరాల ఉక్కు పంచీలు చెక్కింది పంచానన కర్మకార్, ఆయన 1804లో పోయాక అల్లుడు మనోహర్. కమ్మరి కులం వాళ్లు, లోహం మీద పేర్లు చెక్కే చేయి. ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కి, దాన్ని రాగి దిమ్మ మీద కొడితే గుంట పడుతుంది, ఆ గుంటలో సీసం పోస్తే టైపు. బెంగాలీ, నాగరి, ఒడియా, తెలుగు, ఇంకా ఎన్నో లిపులు ఆ ఒక్క కార్ఖానాలోనే తయారయ్యాయి. ఒడియా కొత్త నిబంధన 1809లో అక్కడే అచ్చయింది. అంటే ఒడియా అక్షరం, తెలుగు అక్షరం ఒకే కొలిమి దగ్గర పుట్టినవి, ఒకే సిరా పూసుకున్నవి. మా నాన్న ప్రెస్సులో ఎదురెదురు గోడలకి రెండు కేసులూ ఉండటం ఏదో సరిహద్దు ఊరి వింత అనుకునేవాణ్ణి చిన్నప్పుడు, ఈ కథ తెలిశాక అది వింత కాదనిపించింది.

1812 మార్చి 11న శ్రీరాంపూర్ ప్రెస్ తగలబడింది. కాగితం, రాతప్రతులు, బోలెడు టైపు పోయాయి. పంచీలూ, పోత దిమ్మలూ మాత్రం మిగిలాయి. బూడిదలోంచి కరిగి ముద్దలైన లోహాన్ని ఏరి, మళ్లీ కరిగించి, కొన్ని నెలల్లోనే మళ్లీ టైపు పోశారు. ఈ ముద్దల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దానికి వస్తాను.

మా వైపు ఒడియా అచ్చు కథ కూడా చదవదగ్గదే. కటక్‌లో మిషన్ ప్రెస్ 1830ల చివర్లో వచ్చింది. 1866లో గౌరీశంకర్ రాయ్ కటక్‌లో ప్రెస్ కంపెనీ పెట్టి పత్రిక మొదలెట్టారు, అది నఅంక కరువు రోజులు, జనం ఆకలితో చచ్చిపోతుంటే రాయడానికి సొంత భాషలో కాగితం కావాల్సొచ్చింది. 1868లో ఫకీర్ మోహన్ సేనాపతి బాలేశ్వర్‌లో ప్రెస్ పెట్టారు. మన వీరేశలింగం పంతులుగారు 1874లో పత్రిక మొదలుపెట్టి, మొదట్లో మద్రాసులో అచ్చు వేయించి, దూరాభారం పడలేక రాజమండ్రిలో సొంత ప్రెస్ తెచ్చుకున్నారు కదా, ఇద్దరి తిప్పలూ ఒకటే. మా దక్షిణాన బరంపురంలో శశిభూషణ రథ్ 1913లో ఒడియా వారపత్రిక పెట్టారు. ఆ బరంపురం అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా, బజార్లో సగం మాటలు తెలుగే.

గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు మీ వ్యాసంలో వ్యావహారిక భాష సందర్భంలో వచ్చింది. ఆయన ఎక్కడ కూర్చుని ఆ పని చేశారో రాయలేదు. పర్లాకిమిడిలో అండీ. 1880లో ఇక్కడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు, 1919లో ఆయన నడిపిన మాసపత్రిక ఈ ఊరి నుంచే. ఈ కొండల్లో సవరల భాష నేర్చుకుని, తెలుగు లిపిలో ఆ భాషకి పుస్తకాలు తయారు చేసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. నోటిమాటగా మాత్రమే ఉన్న భాషని అచ్చులోకి తేవడం అంటే ఏమిటో కంపోజింగ్, అంటే టైపు కూర్చే పని, తెలిసినవాడికి అర్థమవుతుంది. మన కేసులో లేని శబ్దం వస్తే ఏ గడిలోంచి తీస్తావు? ఉన్న అక్షరానికి ఒక గుర్తు తగిలించాలి, ఆ గుర్తు పోత పోయించాలి, పోయించే స్థోమత లేకపోతే సర్దుకోవాలి. ఆయన సవర వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం అచ్చువేసింది, నిఘంటువు 1938లో వచ్చింది. మధ్యలో 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లిపోయింది, అది నచ్చక పంతులుగారు ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అదే 1936లో మంగేయి గొమాంగో అనే సవర పెద్దాయన తమ భాషకి సొంత లిపి తయారుచేశారు, సొరా సొంపెంగ్ అంటారు. ఒకే ఏడాదిలో గీత పడింది, పంతులుగారు వెళ్లారు, కొత్త అక్షరాలు పుట్టాయి. ఇంత కథ ఉన్న ఊరు మీ మ్యాపులో లేకపోవడం నాకు బాధే, దాచుకోను.

సరే, ఇక ప్రెస్సులోకి రండి.

మీ వ్యాసంలో కంపోజింగ్ గురించి 'అక్షరాలు పేర్చేవారు' అని రాశారు. ఇటుకలు పేర్చినట్టు! ఎడమ చేతిలో స్టిక్, అంటే అక్షరాలు వరసగా పెట్టుకునే చిన్న తట్ట, ఉంటుంది, బొటనవేలితో ఆఖరి అక్షరాన్ని అదిమి పట్టుకోవాలి, కుడి చెయ్యి కేసు మీద తిరుగుతుంటుంది. ప్రతి టైపు ముక్కకీ పక్కన ఒక గాడి ఉంటుంది, కన్ను కాపీ మీద, అంటే అచ్చుకిచ్చిన రాతప్రతి మీద, ఉంటుంది కాబట్టి గాడిని వేలే చూస్తుంది, గాడి పైకి వచ్చేలా పెడితే అక్షరం సరిగ్గా కూర్చున్నట్టు. అంటే వాక్యం ఎడమ నుంచి కుడికే వెళ్తుంది కానీ తలకిందులుగా. టైపు ఎత్తు 0.918 అంగుళం, అన్నీ అంతే ఉండాలి, ఒకటి వెంట్రుకవాసి కురచైతే అది అచ్చులో పడదు, పొడుగైతే కాగితానికి చిల్లు. సీసంలో ఆంటిమనీ, తగరం కలుపుతారు, ఒట్టి సీసమైతే మెత్తన, నాలుగు వందల కాపీలకే అక్షరం మొహం చితికిపోతుంది, ఆంటిమనీ గట్టిదనం ఇస్తుంది.

ఇంగ్లిష్ కేసు చూస్తే జాలేస్తుంది, ఎంత తక్కువ గళ్లో. తెలుగుకి క వేరు, కా వేరు, కి వేరు, కీ వేరు, వత్తులు వేరు, పొల్లు వేరు, నిలబడితే మనిషికి చేయి అందనంత మేర గళ్లు. ద, ధ, థ గళ్లు పక్కపక్కన ఉంటే రోజూ గొడవే, ఆ చిన్న చుక్కా గీతా సీసం మీద తిరగేసి ఉంటే కనిపించి చావవు. మా నాన్న కేసులో ఒక మూల గడిలో వలపలగిలక ఉండేది. కొత్తవాళ్లకి తెలియకపోవచ్చు, పాత పుస్తకాల్లో ర మీద ఇంకో హల్లు వస్తే ఆ హల్లుకి కుడిపక్కన పెట్టే గుర్తు అది, ధర్మం, కర్మ, సర్వ లాంటి మాటల్లో. నా చిన్నప్పటికే ఎవరూ వాడటం లేదు, ఒక్క పంచాంగం శాస్త్రిగారు తప్ప. ఆయన కాపీ ఇచ్చేటప్పుడే నాన్నకి చెప్పేవారు, "ఒరే, గిలక లేకుండా అచ్చువేశావో, డబ్బులివ్వను." నాన్న ఆయన కోసమే ఆ గడిని పాతికేళ్లు మోశాడు.

ఒడియా కేసు దగ్గర ఒకాయన ఉండేవారు, మేము భాయి అనేవాళ్లం. ఒడియా అక్షరాలకి పైన గుండ్రంగా గొడుగు ఉంటుంది, దాదాపు అన్నిటికీ అదే గొడుగు, తేడా అంతా కింద పొట్టలో ఉంటుంది. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు ఈనె వెంబడి చీలిపోతుంది కాబట్టి మన అక్షరాలూ వాళ్ల అక్షరాలూ గుండ్రబడ్డాయంటారు, సరే, చీలకుండా కాపాడిన ఆ గొడుగే ప్రెస్సులో శత్రువు, సిరా కొంచెం ఎక్కువైతే గొడుగు నిండిపోయి లైనంతా నల్లటి పూసల దండ అయిపోతుంది. భాయికి తెలుగు చదవడం రాదు. కానీ అచ్చయిపోయిన తెలుగు టైపు విప్పి మళ్లీ గళ్లలో వేయమంటే మా అందరికంటే వేగంగా వేసేవారు, ఒక్కటి తప్పు గడిలో పడేది కాదు. ఎలాగ భాయీ అని అడిగితే, "చదివితేనే కదా తప్పులొచ్చేది, నేను మొహం చూసి ఇంటికి పంపిస్తాను" అనేవారు. మేం చదివేవాళ్లం కాబట్టి మాట పూర్తి కాకముందే చెయ్యి తరవాతి అక్షరం గడి మీదకి వెళ్లిపోయేది. అదీ తేడా.

మాకు ఎక్కువ పని శుభలేఖలే. పెళ్లికూతురిది పాతపట్నమో టెక్కలో, పెళ్లికొడుకుది పర్లాకిమిడో గుణుపురమో, కార్డు ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా. ముందు తెలుగు వేసి, కార్డులు పరిచి ఆరబెట్టి, మర్నాడు ఒడియా. పైన వినాయకుడి జింకు బ్లాకు ఒక్కటే ఉండేది, వేలాది పెళ్లిళ్లకి వాడి వాడి ఆయన కుడి దంతం కూడా అరిగిపోయింది. రెండు దంతాలూ లేని వినాయకుడు కనిపిస్తే అది మా ప్రెస్ కార్డని ఊళ్లో చెప్పేసేవాళ్లు. దేవుళ్ల బొమ్మలు రంగుల్లో కావాలంటే మా వల్ల కాదు, అది రాతి అచ్చు పని, 1796 ప్రాంతంలో సెనెఫెల్డర్ అనే జర్మనాయన కనిపెట్టింది, సున్నపురాయి మీద నూనె మందుతో బొమ్మ గీసి రాయి తడిపితే, సిరా గీసినచోటే అంటుతుంది. బొంబాయిలో రవివర్మ 1894లో పెట్టిన ప్రెస్ ఆ పద్ధతిలోనే లక్ష్మీ సరస్వతుల్ని ఇంటింటి గోడెక్కించింది. మా ఇంట్లోనూ ఒకటి ఉండేది, చెదలు పట్టింది.

ఒక పరువు తక్కువ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్నీ గొప్పలే అవుతాయి. పెళ్లిళ్ల సీజన్లో ప్రతి కార్డుకీ పైన వచ్చే 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు' లైను మళ్లీ మళ్లీ కంపోజ్ చేయకుండా దారం కట్టి పక్కన పెట్టుకునేవాళ్లం. ఒక రాత్రి ఎవరిదో పెద్దకర్మ కార్డు అర్జంటుగా వచ్చింది. నేను ప్రూఫు తీసి నాన్నకి చూపించాను, బాగుంది అన్నాడు, చేజులో, అంటే ఇనప చట్రంలో, పెట్టి బిగించేటప్పుడు పైన కొంచెం జాగా మిగిలితే ఖాళీ నింపే చెక్క ముక్క పెట్టాల్సింది పోయి, నిద్రమత్తులో సరిగ్గా అదే కొలతున్న ఆ కట్ట తీసి దూర్చేశాను. నల్ల అంచు కార్డు, కింద 'స్వర్గస్థులైన' అని, పైన శుభమస్తు! రెండు వందల కార్డులు తొక్కేశాను. కటింగ్ దగ్గర భాయి చూశారు, తెలుగు రాదన్నా కదా, ఆ లైను మొహం మాత్రం ఆయనకి బాగా తెలుసు. "బాబూ, ఈ లైను పెళ్లిది కదా" అన్నారు. నాన్న నన్ను ఏమీ అనలేదు, చొక్కా విప్పి మళ్లీ సిరా పళ్లెం తుడవడం మొదలెట్టాడు. తెల్లారేసరికి కొత్తవి ఇచ్చాం. పాడైనవి ఎవరి కంటా పడకుండా పొయ్యిలో పెట్టమని అమ్మకి ఇచ్చాడు, అమ్మ మాత్రం శుభమస్తు అని ఉన్న కాగితం పొయ్యిలో ఎలా పెడతాను అని ఒకటే టెన్షన్, చివరికి మా ఊరి ఏరు మహేంద్రతనయలో కలిపింది.

ఇదంతా చదివి నేను పాత రోజులే బంగారం అనే రకం అనుకోకండి. ట్రెడిల్ అంటే నాకు ప్రేమేమీ లేదు, కావాలంటే నా కుడి మోకాలిని అడగండి. సీసం పట్టుకున్న చేత్తోనే అన్నం తినేవాళ్లం, విషం దిగడానికని బెల్లం ముక్క తినేవాళ్లం, బెల్లం సీసాన్ని ఏం చేస్తుంది, మన పిచ్చి కాకపోతే. నలభై దాటేసరికి కంపోజిటర్ల కళ్లు పోయేవి, జీతాలు అంతంతమాత్రం. కంప్యూటర్, పేజ్‌మేకర్, అను ఫాంట్లు వచ్చాక ఒక పూట పని పావుగంటలో అయిపోతోంది, మంచిదే. శివకాశి నుంచి రంగు రంగుల కార్డులు వస్తున్నాయి, అవీ బాగుంటున్నాయి. నా బాధ మిషను పోయిందని కాదు. దానితో అచ్చయిన కాగితాలకి దిక్కు లేదని.

2004లో మా నౌపడా చిన్న రైలు ఆగిపోయింది, 1900లో మా రాజావారు వేయించిన లైను, పెద్ద పట్టాలు వేయడానికి ఆపేశారు. ఆ ఏడాదే మా ప్రెస్ కూడా మూతపడింది. నాన్న టైపంతా బస్తాల్లో కట్టించాడు, చిన్న చిన్న బస్తాలు, సీసం కదా, పెద్దవైతే లేవవు. పాత ఇనుము కొట్టువాడు కాటా వేసి కిలోల లెక్కన పట్టుకుపోయాడు. ఏం చేస్తావయ్యా అంటే, కరిగించి బారువ వైపు చేపల వలలకి గుళ్లు పోస్తారన్నాడు. శ్రీరాంపూర్‌లో కరిగిన ముద్దలు మళ్లీ అక్షరాలయ్యాయి అని ఇందాక చెప్పాను కదా. మావి వలగుళ్లయ్యాయి. చేపలేమన్నా చదువుకున్నాయేమో తెలీదు.

ఇప్పుడు అసలు అడగాల్సింది.

1867లో ఒక చట్టం వచ్చింది, ప్రెస్సులు, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం. ప్రెస్ ఉన్నవాడు మెజిస్ట్రేటు దగ్గర డిక్లరేషన్ ఇవ్వాలి, అచ్చువేసే ప్రతి పుస్తకం, పత్రిక మీదా ప్రెస్ నడిపేవాడి పేరు, ఊరి పేరు వేయాలి. తెల్లదొరలు అది పెట్టింది మన మీద నిఘా కోసమే, ఎవడు ఏం రాస్తున్నాడో పట్టుకోవడానికి. కానీ దాని పుణ్యాన పాత పుస్తకం ఏది తిరగేసినా మొదటి పేజీ వెనకో, ఆఖరి పేజీ అడుగునో సన్నటి అక్షరాల్లో ఒక లైను ఉంటుంది, ఫలానా ప్రెస్, బరంపురం, గంజాం జిల్లా అని. ఆ చట్టం కిందే ప్రభుత్వాలు మూడు నెలలకోసారి అచ్చయిన పుస్తకాల జాబితా గెజెట్‌లో వేసేవి, 1936 దాకా మా ఊళ్లు మద్రాసు జాబితాలో వస్తాయి, తరవాత ఒరిస్సాకి మారతాయి. మీ వ్యాసకర్త చేసిన తప్పు ఇక్కడే అని నా అనుమానం. తెలుగు పుస్తకాలు వెతికేవాళ్లు ఒరిస్సా జాబితా తిరగేయరు, ఒడియా పరిశోధకులకి తెలుగు పుస్తకంతో పని లేదు. 1936 తరవాత ఇక్కడ అచ్చయిన తెలుగు కాగితాలు ఆ రెండు బీరువాల సందులో పడిపోయాయి. మీ పత్రికలోనే ఎవరైనా కుర్ర రిపోర్టరు ఆ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని ఒక నెల కూర్చుంటే, ఇచ్ఛాపురం అవతల ఎన్ని తెలుగు ప్రెస్సులు ఉండేవో తేలిపోతుంది. నేనే కూర్చునేవాణ్ణి, మోకాలి సంగతి చెప్పాను కదా.

ఇంకోటి, 2024 మార్చి 1 నుంచి ఆ పాత చట్టం పోయి కొత్తది అమల్లోకి వచ్చింది. కొత్తది పత్రికల గురించే, పుస్తకాల ఊసు అందులో లేదు. కాబట్టి ఆ సన్నటి లైను ఇక ముందు ఉంటుందో ఊడుతుందో అచ్చువేసేవాళ్ల దయ.

అందుకని మీ పాఠకుల్లో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వాళ్లుంటే, ఇక్కడి నుంచి విశాఖకో హైదరాబాదుకో వెళ్లిపోయినవాళ్లుంటే మరీ మంచిది, వాళ్ల ఇళ్లలో పాత ట్రంకు పెట్టెలు తీసి చూడమనండి. శతకం, హరికథ, భజన పాటల పుస్తకం, నాటకం నోటీసు, బడి వార్షికోత్సవం కరపత్రం, తాతగారి శుభలేఖ, ఏదైనా సరే. చింపేయకుండా, బైండింగ్ చేయించి అట్ట మార్చేయకుండా (పాత అట్టతోపాటు చాలాసార్లు ఆ లైను పోతుంది), మొదటి పేజీ, ఆఖరి పేజీ అడుగున ఉన్న ఆ లైనుకి ఫోన్‌తో ఒక ఫొటో తీసి మీ ఆఫీసుకి పంపమనండి. మీరు వారానికి ఒకటి వేసినా చాలు, చిన్న బాక్సులో. పేజీలో జాగా లేదంటారేమో, ఆదివారం రాశిఫలాలు కొంచెం కుదించండి.

నా వంతు నేను మొదలెడుతున్నాను. బస్తాల్లోకి వెళ్లకుండా అటక మీద మిగిలిపోయిన సరుకు మొన్న దించాను. 14 పాయింట్ తెలుగు కేసు ఒకటి, సగం గళ్లు ఖాళీ, నాటకాల వాల్‌పోస్టర్లకి వాడిన కొయ్య అక్షరాలు పదహారు, ఒక స్టిక్, దంతాలరిగిన వినాయకుడు. మనవడు తన పేరు కంపోజ్ చేస్తానని కూర్చున్నాడు, వాడి పేరులో ఒక అక్షరం కేసులో లేదు, దాని బదులు ఏదో కొత్త అక్షరం దొరికింది తాతా అని మూల గడిలోంచి తీసి నా చేతిలో పెట్టాడు. చూస్తే వలపలగిలక. దాన్ని కొంచెం సిరా రాసి తెల్లకాగితం మీద అద్ది, పక్కన మా ప్రెస్ పేరున్న పాత శుభలేఖ అడుగు లైను అతికించి, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. సిరా పూర్తిగా ఆరలేదు, కవరు విప్పేటప్పుడు జాగ్రత్త.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక పాత ప్రెస్ వాడు,
గజపతి జిల్లా, ఒడిశా